ఇంతకీ ఎవుడు, ఏటి సేసినాడు?

మా మామ్మకి ఇంగ్లీషు రాదు. తెలుగులో సంతకమూ రాదు, వేలిముద్రే. కానీ బీఏ స్పెషల్ ఇంగ్లీషు వచనం పేపర్లో నన్ను గట్టెక్కించిన ఇద్దరిలో ఆవిడొకరు. రెండోవారు విజయనగరం అయ్యకోనేరు దగ్గర ఉండే మా మాస్టారు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూసుకోలేదు. మధ్యలో నేనే పోస్ట్‌మేన్‌ని.

1985 నాటి మాట. మాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. గోడకి గడియారం ఉన్నా మా ఇంటికి టైము చెప్పేది మిల్లు కూతే. పొద్దుటి కూతకి నాన్న క్యారేజీ పట్టుకుని బయల్దేరితే, ఆ వెనకే నేను పుస్తకాలు పట్టుకుని పాసింజరుకి పరిగెత్తేదాన్ని. సీటు దొరికి పుస్తకం తెరిచేసరికి విజయనగరం వచ్చేసేది.

ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. మరి స్పెషల్ ఇంగ్లీషు ఎందుకు తీసుకున్నావంటే ఇప్పుడు గొప్పగా ఏదో ఒకటి చెప్పొచ్చు. నిజం ఏమిటంటే నేను అడిగిన గ్రూపులో సీట్లు అయిపోయాయి, ఇందులో మిగిలాయి.

ఎందుకు మిగిలాయో మొదటి నెలలోనే తెలిసింది. సిలబస్‌లో పాతకాలం ఇంగ్లీషు వ్యాసాలు రాసిన బేకన్ ఉన్నాడు, జాన్సన్ ఉన్నాడు. బేకన్ వాక్యం పొట్టిది. మాటలన్నీ తెలిసినవే, అర్థం మాత్రం అందదు. జాన్సన్ వాక్యం పొడుగు. పైనుంచి కిందికి దిగేసరికి పైన ఏముందో మరిచిపోతాం. బేకన్ వ్యాసాలు 1597లో మొదటిసారి అచ్చయినప్పుడు పదే. 1625 నాటికి యాభై ఎనిమిది అయ్యాయి. ఆ పదితో ఆపేసి ఉంటే ఆయన సొమ్మేం పోయేదని మా బెంచీలో ఒకమ్మాయి ఏడుపు మొహం పెట్టేది.

పరీక్షలో ఒక పేరా ఇచ్చి పారాఫ్రేజ్ చెయ్యమనేవారు. ప్రెసీ రాయడం మాకు కొంత వచ్చు. మూడో వంతుకి కుదించాలి, అర్థంకాని ముక్కని ఆ కుదింపులో గప్‌చిప్‌గా వదిలెయ్యొచ్చు. పారాఫ్రేజ్‌లో ఆ వీలు లేదు. ఉన్నదంతా చెప్పాలి, సొంత మాటల్లో చెప్పాలి. అసలుకంటే పొడుగైనా తప్పు లేదుగానీ ఒక్క అర్థమూ జారకూడదు. బజార్లో దొరికే గైడు కొన్నాను. అది కష్టమైన మాట తీసి ఇంకో కష్టమైన మాట పెట్టేది. వాక్యం ఎక్కడిదక్కడే ఉండేది, చీర మార్చుకున్నట్టు.

అప్పుడు ఆ ఏడుపు మొహం అమ్మాయే నన్ను మాస్టారి దగ్గరికి తీసుకెళ్లింది. రిటైరైపోయారు. వీధి వరండాలో ఒక చెక్క బల్ల, దాని మీద మేం నలుగురం. ఆయనకి పడక్కుర్చీ, ఒడిలో పలక. అవును, చిన్నపిల్లల పలకే. కాగితం దండగ అనేవారు. ఫీజు మాట ఎత్తనిచ్చేవారు కాదు. అమ్మ ఇచ్చిన ఆనపకాయో, వంకాయలో లోపల అమ్మగారి చేతికి ఇస్తే, ఆవిడ స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చేవారు.

మొదటిరోజే పలక మీద ఒక చిన్న వాక్యం రాశారు. 'హి వాజ్ ది లాస్ట్ మ్యాన్ టు డిసీవ్ ఎ ఫ్రెండ్.' తెలుగులో చెప్పమన్నారు. ఇంత సులువా అనుకుని నేనే ముందు చెప్పేశాను: 'స్నేహితుణ్ణి మోసం చేసినవాళ్లలో అతను ఆఖరివాడు.'

'అంటే అందరూ మోసం చేసెయ్యగా, చివర్లో వీడూ ఓ చెయ్యి వేశాడా అమ్మా?' అన్నారు.

నేను అవునన్నట్టు తలూపాను కూడా. ఆయన నవ్వలేదు. 'పాపం, జన్మలో మోసం చెయ్యని మనిషిని నువ్వు క్యూలో నిలబెట్టేశావు' అన్నారు. ఊళ్లో ఉన్నవాళ్లందరూ మోసగాళ్లయినా ఇతను మాత్రం కాడు అని ఆ వాక్యం అర్థమట. ఆ తర్వాత 'నథింగ్ బట్', 'ఎనీథింగ్ బట్' రెండూ పక్కపక్కన రాశారు. వాడు దొంగ తప్ప ఇంకేమీ కాదు అనేది ఒకటి, వాడు ఇంకేమైనా కావచ్చుగానీ దొంగ మాత్రం కాదు అనేది రెండోది. మధ్యలో ఉన్న ఆ బుల్లి 'బట్' మనిషిని జైల్లో పెట్టగలదు, విడిపించగలదు. ఆరోజు ఇంటికెళ్లేటప్పుడు రైల్లో నాకు బాగా టెన్షన్ పట్టుకుంది. అప్పటిదాకా తెలుసనుకున్న వాక్యాల్లో ఎన్నిటిని ఇలా తిరగేసి చదివానో!

తెలిసిన మాటే ఎక్కువ ముంచుతుందని ఆయన మాటిమాటికీ అనేవారు. తెలియని మాటకైతే డిక్షనరీ తీస్తాం, తెలిసిన మాటకి తియ్యం. జాన్సన్ తన నిఘంటువు అచ్చువేసింది 1755లో. ఆ కాలపు వచనంలో 'వాంట్' అంటే చాలాచోట్ల కోరుకోవడం కాదు, లేకపోవడం. 'సఫర్' అంటే బాధపడటం కాకుండా ఊరుకోవడం, జరగనివ్వడం కావచ్చు. 'డిస్కవర్' అంటే కనిపెట్టడమే అనుకుంటాం, బయటపెట్టడం కూడా. 'నైస్' అంటే బాగుందని కాదు, మరీ సూక్ష్మమైనదని. ఇవన్నీ నా నోట్సు వెనక పేజీలో ఉండేవి. మా ఫ్రెండ్స్ ఆ పేజీకి 'దొంగల లిస్టు' అని పేరు పెట్టారు. పోలీస్ స్టేషన్లో ఫొటోలు అంటించినట్టు ఒక్కో మాట పక్కన అది చేసిన నేరం రాసుకునేదాన్ని.

ఇంకో రోజు ఒక పేరా ఇచ్చి, 'అచ్చ ఇంగ్లీషులో తిరగరాయండి' అన్నారు. మాకు అర్థం కాలేదు. అప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారి సంగతి ఎత్తారు. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. హరికథలంటే ఆయన పేరే చెబుతారు. అయితే మాస్టారికి నచ్చింది వేరే సంగతి. దాసుగారు ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ కూడా తెచ్చారు. తెలుగుకి సంస్కృతం ఎలాగో, ఇంగ్లీషుకి ఫ్రెంచీ, లాటినూ అలాగట. 1066లో నార్మన్లు వచ్చి గెలిచాక రాజుగారి ఇంట, కోర్టులో ఫ్రెంచి మాటలు, పొలంలో, పొయ్యి దగ్గర పాత మాటలు. అందుకే ఒకే పనికి రెండేసి మాటలు మిగిలాయి. 'కమెన్స్' ఉంది, 'బిగిన్' ఉంది. 'ఎంక్వైర్' ఉంది, 'ఆస్క్' ఉంది. 'పెద్ద మాట కనిపిస్తే దాని వెనక వంటింట్లో ఉండే మాటేమిటో వెతకండి. దొరక్కపోతే నాలుగు చిన్న మాటలు కలిపి చెప్పండి. అంతేగాని ఒక జరీ పంచె విప్పి ఇంకో జరీ పంచె కట్టకండి' అన్నారు. నా గైడుని అటక ఎక్కించింది ఆరోజే.

పొడుగు వాక్యాల సంగతికొస్తే, అది దసరా వెళ్లాక అబ్బింది. విజయదశమి తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కదా, పూజారిని పొడుగాటి మాను కొసన కూర్చోబెట్టి ఊరేగించే జాతర. ఆ వారం క్లాసు లేదు. తర్వాతి వారం వెళ్లేసరికి అందరం జాతర కబుర్లలోనే ఉన్నాం. మాస్టారు పలక తీసి ఒక జాన్సన్ తరహా వాక్యం రాశారు. ఐదు లైన్లు. ఎంతకీ క్రియ రాదు. అప్పుడు ఆయన అడిగారు: 'మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర నిలబడి చూశారు కదా, మొదట ఏమొచ్చింది?'

ఎవరో పాలధార అన్నారు, ఎవరో బెస్తవారి వల అన్నారు. తెల్ల ఏనుగు, అంజలి రథం అని అందరం తలా ఒకటి అందించాం.

'సిరిమాను?'

'అది ఆఖర్న కదండీ.'

'ఈ వాక్యమూ అంతే. ముందు వచ్చేవన్నీ ఊరేగింపు. అసలు మాను ఆఖర్న వస్తుంది. మీరేం చేస్తున్నారు? అంజలి రథం కనపడగానే, మాను మీద విసరాల్సిన అరటిపళ్లు విసిరేసి ఇంటికెళ్లిపోతున్నారు.'

మేం నవ్వుకున్నాంగానీ నాకు మాత్రం ఆ క్షణాన ఏదో గొళ్లెం తీసినట్టయింది. 'వెన్' అనో, 'దో' అనో, 'ఇఫ్' అనో మొదలైతే అది ఊరేగింపు. ఆగాలి, మాను కోసం చూడాలి. పైగా మన తెలుగూ క్రియ ఆఖర్న వచ్చే భాషే కాబట్టి ఇలాంటి వాక్యం మనకి నిజానికి అలవాటైనదే. అసలు చిక్కు రెండో రకంతో. 'హూ', 'విచ్', 'హూమ్' అంటూ కర్తకీ క్రియకీ మధ్యలో దూరిపోయే వాక్యాలు. అవి తెలుగులోకి రావు. వస్తే ఇలా వస్తాయి:

'ఆ ముసలాయన, ఎవరి కొడుకులైతే, ఎవరికైతే ఆయన బతికుండగానే తనకున్నదంతా రాసిచ్చాడో ఆ కొడుకులు, తను కట్టిన ఇంట్లో ఒక మూలైనా ఇవ్వలేదో, ఆయన, నింద అని తీసుకోదగిన మాట ఒక్కటైనా పలకగా ఎప్పుడూ వినబడలేదు.'

ఇది నేను చేసిన అనువాదమే. అసలు వాక్యం మాస్టారు తనే అల్లి మాకు ఇంటిపనిగా ఇచ్చారు. ఆ రాత్రి లాంతరు పెట్టుకుని (కరెంటు పోయింది, అదేమీ వింత కాదు) అరుగు మీద కూర్చుని దీన్ని పైకి చదువుతున్నాను. పక్కన మామ్మ చుట్ట కాలుస్తోంది. అడ్డపొగ. అంటే నిప్పున్న కొస నోటి లోపల. మా వైపు పాతకాలం ఆడవాళ్లు చాలామంది అలాగే కాల్చేవారు. నోట్లో నిప్పు పెట్టుకుని కబుర్లు కూడా చెప్పేవారు. మామ్మ చుట్ట బయటికి తీసిందంటే రెండే కారణాలు: ఒకటి కోపం, రెండు నేను చదివేది బొత్తిగా బోధపడకపోవడం.

చుట్ట తీసింది. 'ఏటే ఆ సదువు? ఎవుడికి ఎవుడు రాసిచ్చీసినాడు? ఎవుడు ఇనబడనేదు?'

'నాకూ తెలీట్లేదు మామ్మా. అదే చూస్తున్నాను.'

'నార సిక్కు పడితే మద్దిన నాగకూడదే. ముడి బిగిసిపోద్ది. కొన ఎతుక్కోవాల.' మామ్మ కాపురం చేసిన పల్లెలో గోగు పండించేవారు. కట్టలు చెరువులో ఊరేసి, కుళ్లాక ఆ కంపులో మోకాలి లోతున నిలబడి నార ఒలిచిన చేతులు ఆవిడవి. నాన్న మిల్లులో గోనెలయ్యేది ఆ నారే. 'ఇంతకీ ఎవుడు?' అంది.

'ముసలాయన.'

'ఏటి సేసినాడు?'

చూశాను. ఏమీ చెయ్యలేదు. 'ఏమీ అనలేదు' అన్నాను.

'ఎవుల్ని?'

'కొడుకుల్ని.'

'ఎందుకనాల?'

'ఇంట్లో మూల కూడా ఇవ్వలేదని.'

'ఆ ఇల్లు ఎవుడిది?'

'ఆయనదే. ఉన్నదంతా ముందే వాళ్లకి రాసిచ్చేశాడు.'

మామ్మ కాసేపు మాట్లాడలేదు. చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుని, ఆ నిప్పు మీంచే తేల్చేసింది: 'అయితే అంత మెలికెందుకు? ఇల్లు రాసిచ్చీసినాడు, అరుగూ దక్కనేదు, నోరూ ఇప్పనేదు. అంతే కదా.'

మూడు ముక్కలు. నేను ఒకటిన్నర పేజీ కొట్టివేతలు చేసిన వాక్యం.

మర్నాడు మాస్టారికి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను, మామ్మ మాటల్తో సహా. ఆయన పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. 'మీ మామ్మగారు చేసింది ఖండాన్వయం' అన్నారు. సంస్కృత శ్లోకానికి అన్వయం రెండు విధాలట. కర్త, కర్మ, క్రియ వరసలో పేర్చుకుపోతే దండాన్వయం. క్రియ దగ్గర పట్టుకుని ఎవరు, ఎవరిని, ఎందుకు, ఎక్కడ అని ఒక్కో ప్రశ్న వేసుకుంటూ మిగతా మాటల్ని పిలుచుకుంటే ఖండాన్వయం. హైస్కూల్లో తెలుగు మాస్టారు పద్యం చెప్పేటప్పుడు ముందు ప్రతిపదార్థం, ఆ తర్వాత తాత్పర్యం చెప్పించేవారు కదా, ఆ తాత్పర్యమే మీ పారాఫ్రేజ్ అన్నారు. పదో తరగతి దాకా ఏళ్ల తరబడి చేసిన పనినే ఇంగ్లీషు పేరు పెట్టేసరికి చూసి బెదిరిపోయామన్నమాట.

నేను ఆనందంగా నోట్సు ఇచ్చాను. మామ్మ వాక్యాన్నే కాస్త ఇంగ్లీషు చేసి రాసుకెళ్లాను. ఆయన చదివి ఎర్ర పెన్సిల్ తీశారు. మామ్మది చక్కని ప్రెసీ అన్నారు, పారాఫ్రేజ్ మాత్రం కాదన్నారు. 'నెవర్ సెడ్' అని నేను రాసినచోట గీత పెట్టారు.

'అసలు వాక్యంలో ఏముంది?'

'వాజ్ నెవర్ హర్డ్ టు అటర్.'

'ఆయన అనలేదని ఉందా అమ్మా?'

ఉలిక్కిపడ్డాను. లేదు. అనగా ఎవరూ వినలేదని ఉంది. అన్నాడో లేదో ఆ వాక్యం చెప్పడం లేదు. అంతేకాదు, 'నింద అని తీసుకోదగిన మాట' అని కూడా ఉంది. అంటే ఏదో అని ఉండొచ్చు, వాన పడుతోందనో, అరుగు తడిసిందనో. అవి నింద కిందికి రావు. వినేవాడి చెవిని బట్టి వస్తాయేమో కూడా. మాస్టారు ఇవన్నీ చెప్పలేదు. ఆ ఒక్క మాట కింద గీత పెట్టి పక్కన 'హర్డ్' అని రాసి నోట్సు తిరిగిచ్చేశారు. మిగతాది నేను రైల్లో, గుమ్మం దగ్గర నిలబడి, చంపావతి మీంచి వచ్చే గాలికి పేజీ ఎగరకుండా పట్టుకుని ఆలోచించుకున్నాను.

ఇంటికెళ్లి మామ్మకి చెప్పాను, నీ తాత్పర్యంలో ఒక తప్పు దొర్లిందని. అనలేదని కాదు, ఎవరూ వినలేదని. ఆవిడ నా వైపు ఓసారి చూసి, 'మరే. రాసినోడికి ఎరికే' అంది. అంతే, ఇంకేమీ అనలేదు.

డిగ్రీ అయింది. ఆ తర్వాత గవర్నమెంటు ఉద్యోగం. ముప్ఫై ఏళ్ల పైచిలుకు జీవోలు, సర్క్యులర్లు చదివి, అర్జీ పట్టుకొచ్చిన రైతులకి వాడుకమాటల్లో చెప్పడమే నా పనిలో సగం. జాన్సన్‌ని చదివినదానికి 'నాట్‌విత్‌స్టాండింగ్' ఒక లెక్కా? అయితే ఒక సంగతి. ఆఫీసు ఇంగ్లీషు ముందు మామ్మ ప్రశ్న కూడా ఓడిపోతుంది. 'ఇట్ హాజ్ బీన్ డిసైడెడ్' అని ఉంటుంది. ఎవుడు? ఉండడు. ఎంత వెతికినా ఆ వాక్యంలో మనిషి దొరకడు. బేకన్, జాన్సన్ ఎంత మెలికలు తిప్పినా లోపల మనిషిని ఎక్కడో ఒకచోట పెట్టేవారు. ఇప్పుడు మావాడు ఏ వాక్యమైనా ఫోన్లో పెట్టి సులువు చేయించేస్తాడు. ఓసారి నా పాత నోట్సులోని ఆ ముసలాయన వాక్యం ఇచ్చి చూశాను. 'ఆయన ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు' అని వచ్చింది. ఎర్ర పెన్సిల్ కోసం చెయ్యి దానంతటదే వెతికింది.

మామ్మ సంగతి ఒకటి చెప్పలేదు. తాత పోయాక పల్లెలో ఉన్న ఎకరంన్నర, ఇల్లు పెదనాన్న పేర రాసి వేలిముద్ర వేసింది. రెండేళ్లు తిరక్కుండానే ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చేసింది. ఎందుకొచ్చిందో మాకెవరికీ చెప్పలేదు. నాన్న అడిగితే, 'ఇక్కడ మిల్లు కూత ఇనబడితే పొద్దు తెలుస్తాది' అనేది. పెదనాన్న పండక్కి వస్తే తనే మంచినీళ్లు ఇచ్చేది. ఆయన గురించి ఆవిడ నోట చెడ్డమాట ఇంట్లో ఒక్కరం కూడా వినలేదు. ఈ విషయం ఆ రాత్రి లాంతరు దగ్గర ఆ వాక్యం చదువుతున్నప్పుడు నాకు తట్టనే లేదు. ఇరవై ఏళ్ల వయసు. నా ధ్యాసంతా 'హూమ్' ఎక్కడ అతకాలా అని.

ఆవిడ పోయాక పెద్దకర్మ నాడు, పక్కింటి అత్త వంటపాత్రలు తోముతూ మా అమ్మతో అంటోంది:

'మద్దినాలు మీరందరూ ఎల్లిపోయినాక అరుగు మీద కూకునేది కదమ్మా. పెద్దకొడుకుని తిట్టని తిట్టు నేదు. ఏటే ముసలమ్మా అంతనేసి మాటలు, అని నేనంటే, చుట్ట తీసి నా దిక్కు చూసేది. నువ్వు ఇన్నావా, అనేది. ఇన్నాను అంటే, ఇన్నేదనుకో, అనేది.'